20 నెలల బాబు అమ్మని మాత్రమే కొరుకుతుంటే ఏం చేయాలి?

అమ్మా, మీరు రాసిందంతా చదివాను. బాబుకి 20 నెలలు. పగలంతా క్రెష్‌లో ఉంటాడు, అక్కడ ఎవరినీ కొరకడు, వాళ్ల నాన్నని కొరకడు, నాన్నమ్మని కొరకడు. సాయంత్రం మీరు ఆఫీసు నుంచి వచ్చి ఎత్తుకోగానే మాత్రం భుజం మీదో మోచేతి పైనో పళ్లు దించుతాడు. కమిలిన గుర్తులు కనబడకుండా పొడుగు చేతుల కుర్తాలు వేసుకుని తిరుగుతున్నారు. ఒకరోజు తట్టుకోలేక చెయ్యి చేసుకున్నారు, అప్పటినుంచి అది మనసులో పెట్టుకుని బాధపడుతున్నారు. అత్తగారేమో "నువ్వూ ఒకసారి గట్టిగా కొరుకు, నొప్పేంటో తెలిస్తే వాడే మానేస్తాడు" అంటున్నారు. ఇదంతా రాసి చివర్లో "వాడికి నేనంటే ఇష్టం లేదా?" అని అడిగారు. నేను పిల్లల ఎదుగుదల క్లినిక్‌లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను, ఈ ప్రశ్న అడుగుతూ ఏడ్చిన అమ్మల్ని ఎంతోమందిని చూశాను, అందుకని ముందు దానికే జవాబు చెప్తాను.

మీరంటే ఇష్టం లేకపోవడం కాదు. ఇష్టం లేని మనిషి ఎత్తుకుంటే ఈ వయసు పిల్లలు ఒళ్లు బిగబట్టి, చంకలోంచి జారి, ఇంకెవరి దగ్గరికో పోతారు. మీవాడు మీకోసం ఎదురుచూసి, మీరు రాగానే మీదెక్కి, అప్పుడు కొరుకుతున్నాడు. పగలంతా కొత్తవాళ్ల మధ్య, పదిమంది పిల్లల గోలలో, బొమ్మ లాక్కున్నా నిద్ర చెడినా ఎలాగో నెట్టుకొచ్చినవాడు, "ఇక్కడ నేను ఎలా ఉన్నా పర్వాలేదు" అనిపించే మనిషి కనబడగానే ఒక్కసారిగా వదిలేస్తాడు. క్రెష్‌లో ఆయా "బంగారం లాంటి పిల్లాడండీ" అంటుంది, ఇంటికి రాగానే అమ్మకి నరకం. రెండూ ఒకే పిల్లాడి గురించిన నిజాలే. కొరకడం మంచిదని కాదు, ఆపాల్సిందే, ఎలా ఆపాలో చెప్తాను కూడా. కానీ వాడికి నేను పనికిరానిదాన్ని అనే ఆలోచన పెట్టుకుని ఈ పని మొదలుపెడితే ప్రతి కాటూ ఒక అవమానంలా తగులుతుంది, అప్పుడు మన చెయ్యి మన మాట వినదు.

ఇంకో మాట చాలామంది అంటారు: "నవ్వుతూ కొరుకుతాడండీ, కావాలనే చేస్తున్నాడు." ఆ నవ్వు చూసి మోసపోకండి. మీ మొహం ఎలా మారుతుందో చూడటానికి నవ్వుతాడు, కంగారు పుట్టినా నవ్వుతాడు, ఉత్సాహం పట్టలేకపోయినా నవ్వుతాడు. ఒక పని చేయాలనిపించినప్పుడు ఆగడం అనేది మెదడులో ముందు భాగం చేసే పని, పిల్లల్లో అది కాస్త నమ్మకంగా పనిచేయడం మొదలయ్యేసరికే మూడున్నర, నాలుగేళ్లు వస్తాయి. కాబట్టి "కొరకకూడదని వాడికి తెలుసు" అని మీరంటే నేను ఒప్పుకుంటాను, తెలిసే ఉండొచ్చు. తెలిసినా ఆ క్షణంలో ఆగలేడు. మనం ఆపాలి, వాడు ఆగగలిగే వయసు వచ్చేదాకా.

నేను అందరికీ ముందు చెప్పేది ఒకటే: కొరికిన తర్వాత ఏం చేయాలన్నది చిన్న విషయం, కొరకడానికి ముందు అరగంటలో ఏం జరిగిందన్నది పెద్ద విషయం. అందరూ మొదటిది అడుగుతారు, జవాబు మాత్రం రెండో దాంట్లో ఉంటుంది. ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి పెన్ను కట్టేయండి. ప్రతిసారీ నాలుగు సంగతులు రాయండి చాలు: టైమెంత, సరిగ్గా ముందు ఏం జరుగుతోంది, వాడు ఆఖరిసారి ఎప్పుడు తిన్నాడు, ఎప్పుడు పడుకున్నాడు. మా దగ్గరికి వచ్చిన ఒకమ్మాయి తెచ్చిన కాగితంలో ఇలా ఉంది: "సోమ, 6:40, ఫోన్ మాట్లాడుతూ ఎత్తుకున్నా, భుజం. మంగళ, 6:50, కూర మాడుతోందని దింపబోయా, చెయ్యి. బుధ, లేదు. గురు, 6:45, వాళ్ల నాన్నతో మాట్లాడుతున్నా, మెడ." బుధవారం ఎందుకు లేదని అడిగితే కాసేపు ఆలోచించి, ఆ రోజు కరెంటు పోయిందనీ, వంట మొదలుపెట్టకుండా చాప మీద వాడి పక్కనే కూర్చుండిపోయాననీ చెప్పింది. ఇక నేను విడిగా చెప్పాల్సిందేమీ లేకపోయింది. మీ కాగితంలో ఇంకేదో బయటపడొచ్చు, కానీ ఏదో ఒకటి బయటపడుతుంది.

మీరు చెప్పిన వివరాల్ని బట్టి నాకు కనబడుతున్నవి రెండు, మీరు ఇల్లు చేరిన సమయం, వాడి ఆకలి. క్రెష్‌లో మూడున్నరకో నాలుగింటికో ఏదో పెడతారు, మీరు వచ్చేసరికి ఆరున్నర, ఇంటికొచ్చి అన్నం కలిపేసరికి ఏడున్నర. చిన్న పొట్టకి అది చాలా ఎడం. తీసుకొచ్చేటప్పుడు బండిలోనో ఆటోలోనో కాదు, క్రెష్ మెట్ల మీదే రెండు నిమిషాలు కూర్చుని ఒక అరటిపండో మెత్తటి ఇడ్లీ ముక్కో పెట్టండి. వాడిని తెచ్చేది నాన్నమ్మ అయితే ఆవిడ చేత పెట్టించండి. నిద్ర కూడా చూడండి. ఈ వయసులో పగలూ రాత్రీ కలిపి 11 నుంచి 14 గంటలు పడుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మన ఇళ్లలో నాన్న వచ్చేదాకా అని పదకొండింటి వరకు మేల్కొని, పొద్దున ఏడింటికి క్రెష్ కోసం లేపబడే పిల్లలకి అందులో సగం సమస్య నిద్రే.

ఇప్పుడు ఇల్లు చేరే పద్ధతి. దీన్ని కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మీ సమస్యలో చాలా భాగం ఇక్కడే తేలిపోతుందని నా నమ్మకం. తలుపు దగ్గరికి వచ్చేసరికి ఫోన్ కాల్ ముగించి ఉండాలి, మెట్ల మీదే ఆగి ముగించినా సరే. లోపలికి రాగానే బ్యాగు పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, నేల మీద కూర్చోండి. నిలబడి వంగి ఎత్తుకోవద్దు. చంకన వేసుకుంటే వాడి నోరు సరిగ్గా మీ భుజం దగ్గరికి వస్తుంది, గమనించారా? కూర్చుంటే వాడే నడిచొచ్చి మీ ఒళ్లోకి ఎక్కుతాడు, అప్పుడు వీపు మీ వైపు వచ్చేలా, మొహం బయటికి ఉండేలా కూర్చోబెట్టుకోండి. ఒక పది పదిహేను నిమిషాలు వాడితోనే ఉండండి, టీ కూడా ఆ తర్వాతే. ఆ సమయంలో ఏమీ నేర్పించొద్దు, "ఇవాళ ఏం చేశావ్, రైమ్ చెప్పు, ఆంటీకి హాయ్ చెప్పు" లాంటివి వద్దు. వాడు చెప్పు తెచ్చిస్తే చెప్పు తీసుకోండి, గిన్నె తెచ్చిస్తే గిన్నె తీసుకోండి. ఆ పదిహేను నిమిషాలూ ఇవ్వకపోతే తర్వాత గంటన్నర పేచీ రూపంలో వాడే తీసుకుంటాడు. లేవాల్సి వచ్చినప్పుడు చెప్పకుండా లేవొద్దు, "అమ్మ అన్నం పొయ్యి మీద పెట్టి వస్తుంది, రా నువ్వు కూడా" అని వంటింట్లో ఒక మూల నాలుగు స్టీలు గిన్నెలు, ఒక గరిటె పెట్టి కూర్చోబెట్టండి.

మీరు ఎలాంటివి ఆడుకుంటారో రాయలేదు గానీ, ఇది తప్పకుండా అడగాలి. ఇంట్లో ఎవరైనా వాడి బుగ్గలు కొరికేస్తా, నిన్ను తినేస్తా అంటూ ముద్దు చేస్తున్నారా? మన ఇళ్లలో ఇది లేని ఇల్లు తక్కువ. బాబాయి పొట్ట మీద నోరు పెట్టి బుర్రుమనిపిస్తాడు, తాతయ్య వేళ్లు నోట్లో పెట్టుకుని "ఆమ్" అంటాడు, అమ్మ పాదాలు మెత్తగా కొరుకుతుంది, పిల్లాడు కిలకిల నవ్వుతాడు. అంటే వాడికి అందిన పాఠం ఏంటి? ఇష్టం ఎక్కువైతే కొరకాలి అని. మీరు పళ్లు తగలకుండా కొరికారు, వాడికి ఆ లెక్క తెలీదు, ఉన్న బలమంతా పెట్టేస్తాడు. కొంతమంది పిల్లలు కోపంలో కన్నా సంతోషం పట్టలేనప్పుడే ఎక్కువ కొరుకుతారు, అమ్మ తిరిగి రావడం కంటే పెద్ద సంతోషం వాడి రోజులో ఏముంది చెప్పండి. కాబట్టి కొన్ని వారాలు ఇంటిల్లిపాదీ ఆ ఆట ఆపేయాలి. బదులుగా ముక్కుకి ముక్కు రాయడం, చేతులు చరచడం, గట్టిగా వాటేసుకుని "గట్టిగా, గట్టిగా, ఇంకా గట్టిగా" అనడం. ఆ చివరిది ఒంట్లో బిగువు బయటికి పోవడానికి బాగా పనిచేస్తుంది. పళ్లు బిగబట్టి వస్తున్నట్టు కనిపిస్తే దానికి ముందే ఆ వాటేసుకోవడం మొదలుపెట్టండి.

ఇక కొరికిన క్షణం. అందరూ చేసే పని చెయ్యి వెనక్కి లాక్కోవడం. అది సహజమే, కానీ లాగితే వాడు ఇంకా గట్టిగా పట్టుకుంటాడు, చర్మం చీరుకుపోతుంది. లాగకుండా చేతిని వాడి నోటి వైపే కొద్దిగా, మెత్తగా నెట్టండి. నోరు తెరుచుకుంటుంది, అప్పుడు తీసుకోండి. ముక్కు మూయడం, బుగ్గలు నొక్కడం వద్దు. తర్వాత ఒక్క మాట, తగ్గు గొంతుతో, వాడి కళ్లలోకి చూస్తూ: "కొరకొద్దు. అమ్మకి నొప్పి." అంతే, ఉపన్యాసం వద్దు. కెవ్వుమని అరిస్తే కొంతమంది పిల్లలు భయపడి ఇంకా రెచ్చిపోతారు, కొంతమందికి ఆ అరుపే గొప్ప ఆటలా ఉంటుంది. పక్కన ఎవరైనా నవ్వినా అంతే, వాళ్లకి ముందే చెప్పి పెట్టండి. వాడిని ఒళ్లోంచి దింపి పక్కనే కూర్చోబెట్టి మొహం కాసేపు అటు తిప్పుకోండి. కాసేపంటే నాలుగైదు ఊపిరులు, అంతకన్నా ఎక్కువ కాదు. వేరే గదిలో పెట్టి తలుపు వేయడం ఈ వయసుకి శిక్ష కూడా కాదు, ఉత్త భయం. వదిలేశారన్న భయంతో మళ్లీ మిమ్మల్ని అంటిపెట్టుకుంటాడు, మళ్లీ కొరుకుతాడు.

తర్వాత చేసే పనే ముఖ్యం, దాన్నే అందరూ వదిలేస్తారు. వద్దని చెప్పాం, మరి ఏం చేయాలో చెప్పాలి కదా. దింపబోతే కొరికాడా, అయితే "ఎత్తుకో" అనే మాట మీరే చెప్పి, చేతులు చాపడం చూపించి, వాడు ఆ సైగ సగం చేసినా సరే వెంటనే ఎత్తుకోండి. గిలిగింతలు ఎక్కువైతే కొరికాడా, "చాలు" అని అరచెయ్యి చూపించడం నేర్పండి, వాడు అరచెయ్యి చూపించిన ప్రతిసారీ ఇంట్లో పెద్దాచిన్నా అందరూ ఆగాలి. ఒక్కసారి ఆగకపోయినా ఆ మాటకి విలువ పోతుంది, మళ్లీ పళ్లకే పని పడుతుంది. ఇవ్వు, వద్దు, చాలు, ఎత్తుకో, నాది, ఈ ఐదు మాటలూ సైగలతో సహా వస్తే కొరకడం చాలా తగ్గుతుంది. రంగుల పేర్లూ జంతువుల పేర్లూ తర్వాత వస్తాయి, తొందరేం లేదు. బలవంతంగా సారీ చెప్పించొద్దు. ఏడుపు సద్దుమణిగాక మీ చెయ్యి చూపించి "ఉఫ్ అను, అమ్మకి తగ్గిపోతుంది" అనండి. మన పిల్లలకి దెబ్బ తగిలితే మనం చేసేది అదే కాబట్టి వాడికి వెంటనే అర్థమవుతుంది. బుగ్గలు ఉబ్బించి తుంపర్లు పడేలా ఊదుతాడు చూడండి. వాడు చేయగలిగిన క్షమాపణ అదే.

దీని మధ్యలో ఒక హెచ్చరిక. మొదటి వారం కొరకడం పెరగొచ్చు. ఇన్నాళ్లూ కొరికితే పెద్ద హడావిడి జరిగేది, ఇప్పుడు జరగట్లేదు, అందుకని ఇంకా గట్టిగా ప్రయత్నించి చూస్తాడు. చాలామంది సరిగ్గా ఇక్కడే "ఇది మావాడి మీద పనిచేయట్లేదు" అని వదిలేసి మళ్లీ దెబ్బల దారికి వెళ్తారు. ఆ వారం దాటండి.

పళ్ల సంగతి తొందరగా చెప్పేస్తాను. 16 నుంచి 22 నెలల మధ్య కోరపళ్లు వస్తాయి, 23 నుంచి 33 నెలల మధ్య వెనక దవడ పళ్లు, మూడేళ్లకల్లా మొత్తం 20 పాలపళ్లు. మీవాడికి చిగురు ఉబ్బి, చొంగ ఎక్కువగా కారుతూ, వేళ్లు నోట్లోకి వెనక్కి దూర్చుకుంటుంటే అది కూడా ఒక కారణమే. శుభ్రమైన బట్ట తడిపి ఫ్రిజ్‌లో, డీప్ ఫ్రీజర్‌లో కాదు, చల్లబరిచి నమలనివ్వండి, మీ వేలు శుభ్రంగా కడుక్కుని చిగురు మీద రుద్దండి. తిండిలో కూడా నమిలే పని ఉండాలి. రెండేళ్లు వస్తున్నా మిక్సీ పట్టిన మెత్తటి గుజ్జే తినే పిల్లల దవడకి పని ఉండదు. చపాతీ చుట్ట, మెత్తటి జొన్నరొట్టె ముక్క, చేత్తో పట్టుకుని కొరుక్కునే ఉడికిన మొక్కజొన్న పొత్తు లాంటివి మీరు పక్కన కూర్చుని పెట్టండి. పచ్చి క్యారెట్, పల్లీలు, ఎండు కొబ్బరి ముక్కలు మాత్రం ఇప్పుడే వద్దు, గొంతుకి అడ్డం పడతాయి. చిగుళ్లు మొద్దుబారే జెల్స్ రాయొద్దు. వాటిలో బెంజోకెయిన్ అనే మందు ఉంటే రెండేళ్లలోపు పిల్లల రక్తంలో ఆక్సిజన్ మోసే శక్తి ప్రమాదకరంగా తగ్గిపోవచ్చు, అమెరికా ఔషధ సంస్థ 2018లో వాటిని ఈ వయసువాళ్లకి వాడొద్దని గట్టిగా చెప్పింది. జ్వరం 101 ఉంటే "పళ్లొస్తున్నాయి లే" అని కూర్చోవద్దు, పళ్ల వల్ల అంత జ్వరం రాదు, డాక్టర్‌కి చూపించాలి.

మనుషుల్ని కొరకడంతో పాటు మట్టి, గోడ సున్నం, సుద్దముక్క, కాగితాలు కూడా తింటుంటే అది వేరే దారి. రక్తహీనత ఉందేమో చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తం తక్కువని తేలింది, అంటే ఇది ఎవరింట్లోనో ఉండే జబ్బు కాదు. ఐరన్ తక్కువైన పిల్లలు ఊరికే చిరాకు పడతారు, నిద్ర సరిగా పోరు, ప్రతిదానికీ పేచీ పెడతారు. ఒక్క హిమోగ్లోబిన్ పరీక్షతో చాలావరకు తెలిసిపోతుంది, పాలు రోజుకి అరలీటరు దాటి తాగుతూ అన్నం తినని పిల్లాడైతే తప్పకుండా చేయించండి.

ఫోన్ గురించి మీరు ఒక వాక్యంలో రాసి వదిలేశారు, "వంట అయ్యేదాకా ఫోన్ ఇస్తాం, తీసుకుంటే కొరుకుతాడు" అని. అదే అసలు కారణం అయి ఉండొచ్చు. రెండేళ్లలోపు పిల్లలకి వీడియో కాల్ తప్ప ఏ స్క్రీనూ వద్దని, రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకి రోజుకి గంట మించొద్దని మన దేశంలో పిల్లల డాక్టర్ల సంఘమే చెప్తోంది. మీకు సాయంత్రం ఆ అరగంట ఎంత అవసరమో నాకు తెలుసు, అందుకే ఫోన్ తీసేయమని చెప్పి ఊరుకోను. ఆ అరగంట వంట బాధ్యత మీ ఆయన తీసుకోవాలి, లేదా పొద్దునే కూర వండి పెట్టుకోవాలి, లేదా వాడి నాన్నమ్మ వాడిని బాల్కనీలో కూర్చోబెట్టుకుని వచ్చేపోయే బళ్లు చూపించాలి. ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్లు ఉండగా ఆ ఒక్క గంట భారమంతా ఆఫీసు నుంచి అప్పుడే వచ్చిన మనిషి మీద పడటం న్యాయం కాదు, ఈ మాట మీ ఆయనకి కూడా చదివి వినిపించండి.

అత్తగారి సలహాకి వద్దాం. తిరిగి కొరకొద్దు. నొప్పి తెలిస్తే మానేస్తాడనే లెక్క ఈ వయసుకి పొసగదు. తన నొప్పినీ మీ నొప్పినీ పక్కపక్కన పెట్టి చూసుకునే శక్తి వాడికి ఇంకా రాలేదు. వాడికి అర్థమయ్యేది ఒకటే, అమ్మ కూడా కొరుకుతుంది అని. పైగా వాడి చర్మం పల్చన, పెద్దవాళ్ల నోట్లో ఉండే సూక్ష్మక్రిములు ఎక్కువ. నాలుక మీద కారం పెట్టడం, పెదాల మీద కొట్టడం, బూచోడికి ఇచ్చేస్తామనడం, చీకటి గదిలో పెట్టడం, వాత పెడతానని గరిటె చూపించడం, ఇవేవీ వద్దు. ఇక్కడ నేను మెత్తగా మాట్లాడను, కారం వల్ల నోరు పూసిన పిల్లల్ని చూశాను. ఆవిడతో గొడవ పెట్టుకోమని మాత్రం చెప్పట్లేదు. ఆవిడ కూడా మీ కమిలిన చెయ్యి చూసి బాధపడే ఆ మాట అని ఉంటారు. "అత్తయ్యా, ఒక మూడు వారాలు ఇలా చేసి చూద్దాం, మీరు తోడుంటేనే అవుతుంది" అని అడగండి. అడగడంతో పాటు పని కూడా అప్పజెప్పండి. సాయంత్రం పండు పెట్టే పని ఆవిడది, "చాలు", "ఇవ్వు" నేర్పే పని ఆవిడది. పిల్లలకి మాట నేర్పడంలో ఆవిడకున్న ఓపిక మనకి ఉండదు.

మీరు కొట్టిన దెబ్బ గురించి. ఒక్క దెబ్బతో పిల్లాడి మనసు విరిగిపోదు, దాన్ని పట్టుకుని రాత్రులు కుమిలిపోకండి. దెబ్బతో ఉపయోగం లేదన్నది మాత్రం నిజం, ముందే ఒళ్లంతా బిగుసుకుని ఉన్నవాడు దెబ్బతో ఇంకా బిగుసుకుంటాడు. మళ్లీ చెయ్యి లేస్తోందనిపిస్తే వాడిని నేల మీద క్షేమంగా దింపి, పెద్దవాళ్లు ఎవరినైనా పిలిచి, మీరు బాత్రూమ్‌లోకి వెళ్లి మొహం మీద నీళ్లు చల్లుకుని రండి. అది పారిపోవడం కాదు. రోజూ ఏడుపు వస్తున్నా, నిద్ర పట్టకపోయినా, వాడిని చూస్తేనే భయం వేస్తున్నా 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, డబ్బులు కట్టక్కర్లేదు, ఏ వేళైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

చనుపాలు ఇంకా ఇస్తున్నారో లేదో రాయలేదు. ఇస్తూ అక్కడ కూడా కొరుకుతుంటే ఒక విషయం గుర్తుంచుకోండి, బిడ్డ నిజంగా పాలు మింగుతున్నంతసేపు నాలుక కింది పళ్లని కప్పేసి ఉంటుంది, కొరకలేడు. పొట్ట నిండి ఆట మొదలయ్యాకో, నిద్రలోకి జారేటప్పుడో కొరుకుతాడు. మింగడం ఆగిందని తెలియగానే చిటికెన వేలు నోటి మూల నుంచి చిగుళ్ల మధ్యకి పెట్టి విడిపించండి. కొరికాడని రాత్రికి రాత్రి వేపాకు ముద్ద రాసి మాన్పించకండి. ఇప్పటికే మీరు దూరమవుతున్నారని బెంగపడే పిల్లాడికి అది ఇంకో దెబ్బ. మాన్పించాలనుకుంటే ఒక్కో పూట తగ్గిస్తూ రండి.

చేతి మీది గాయాల సంగతి కూడా. చర్మం చిట్లకుండా కమిలితే చల్లటి గుడ్డ చాలు. చిట్లి రక్తం వచ్చిందంటే ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో కొన్ని నిమిషాలు బాగా కడిగి ఆ రోజే డాక్టర్‌కి చూపించండి, మనిషి పళ్ల గాటు చిన్నదైనా చీము పట్టే అవకాశం ఉంది. చివరి టెటనస్ ఇంజెక్షన్ వేయించుకుని ఐదేళ్లు దాటితే ఆ మాట చెప్పండి. పసుపు, కాఫీ పొడి అద్దొద్దు. ఎరుపు పాకుతున్నా, వాచినా, వేళ్లు కదిపితే నొప్పెడుతున్నా ఆగొద్దు.

ఎప్పుడు కంగారు పడాలి? కొరకడం ఒక్కటే అయితే 20 నెలలకి కంగారు అక్కర్లేదు, మాటలు వచ్చేకొద్దీ తగ్గుతూ మూడు, మూడున్నర ఏళ్లకి దాదాపు అందరిలో పోతుంది. దానితో పాటు పేరు పెట్టి పిలిస్తే పలకకపోవడం, కావాల్సినదాన్ని వేలితో చూపించకపోవడం, కళ్లలోకి చూడకపోవడం, వచ్చిన మాటలు పోవడం, తన చేతిని తానే కొరుక్కోవడం, తల గోడకి కొట్టుకోవడం ఉంటే నెలలు ఆగొద్దు. రెండేళ్లు నిండినా "బువ్వ పెట్టు", "పాలు వద్దు" లాంటి రెండు మాటల కలయిక రాకపోతే కూడా చూపించండి. మాటలు లెక్కపెట్టేటప్పుడు ఇంట్లో తెలుగు, క్రెష్‌లో హిందీ, ఇంగ్లిష్, అన్నీ కలిపే లెక్కపెట్టాలి, రెండు మూడు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం అవ్వదు. మీరు హైదరాబాద్ అన్నారు కాబట్టి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్‌ఐఈపీఐడీ ఉంది, కేంద్ర ప్రభుత్వ సంస్థ, చిన్న పిల్లల ఎదుగుదల పరీక్షలు అక్కడ చేస్తారు. ఇది చదివే మిగతావాళ్లు మీ జిల్లాలో డీఈఐసీ, అంటే పిల్లల ఎదుగుదల లోపాల్ని తొందరగా గుర్తించి చూసే జిల్లా కేంద్రం, ఎక్కడుందో ఆశా కార్యకర్తనో అంగన్‌వాడీ టీచర్‌నో అడగండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 2013 నుంచీ, అప్పుడే పుట్టిన పిల్లల దగ్గర్నుంచి 18 ఏళ్ల వాళ్ల వరకు ఉచితంగా చూస్తున్నారు.

ఇప్పటికి మీరు చేయాల్సింది, రేపు సాయంత్రం నుంచి ఫ్రిజ్ మీద కాగితం, క్రెష్ మెట్ల మీద అరటిపండు, ఇంటికి రాగానే నేల మీద పదిహేను నిమిషాలు. అన్నీ ఒకేసారి మొదలుపెట్టలేకపోతే మూడోదానితో మొదలుపెట్టండి. మూడు వారాలయ్యాక ఆ కాగితం దగ్గర పెట్టుకుని మళ్లీ రాయండి, ఏ టైములో ఎక్కువ ఉంది, ఏ రోజు లేదు, ఐదు మాటల్లో ఎన్ని వచ్చాయి, హిమోగ్లోబిన్ చేయిస్తే ఎంత ఉంది. క్రెష్‌లో మధ్యాహ్నం వాడు ఎంతసేపు పడుకుంటున్నాడో ఆయాని అడిగి అది కూడా రాయండి, మీ ప్రశ్నలో ఆ వివరం లేదు.